స్టీలు గిటారుకు ఆద్యుడు జోసెఫ్ కేకుకు



ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం వ్రాసి ఇమ్మని మన సంఘం వారు కోరారు. జాతీయ నాయకుల గురించీ, వాగ్గేయకారుల గురించీ వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై యేళ్ళకు పైగా ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో గుమాస్తాగా పనిచేసినవాడిని. పుట్టిన తేదీ ఏది, ఉద్యోగంలో చేరిన తేదీ ఏది, దానికి రుజువు ఏది అని సర్వీసు రిజిస్టర్లు తిరగేయడమే నా విద్య. అందుచేత ఆ విద్యకు పని కల్పించే జీవితం ఒకదానిని ఎంచుకున్నాను. ఆయన పేరు జోసెఫ్ కేకుకు. పసిఫిక్ మహాసముద్రం మధ్యనున్న హవాయి దీవులలో పుట్టి, అమెరికాలో కన్నుమూశారు. స్టీలు గిటారు వాయించేవారు తమ విద్యకు మూలపురుషుడుగా ఆయననే తలుస్తారు.

పేరు మనలో చాలామందికి కొత్త కావచ్చు గాని, ఆయన ఇచ్చిన నాదం కొత్త కాదు. ట్రాన్సిస్టరు రేడియోల కాలంలో సినిమా పాటల వరుసలను మాటలు లేకుండా గిటారు మీద వాయించిన రికార్డులు వేసేవారు. జ్ఞాపకముందా? ఒక స్వరం నుంచి మరొక స్వరానికి తెగకుండా, నూనె ధారలాగ జారుతూ పోయే ఆ ధ్వని హవాయిన్ గిటారుది. హవాయిన్ గిటారన్నా స్టీలు గిటారన్నా మూలం ఒకటే. దానికి మనుమడి వంటిది అమెరికాలో ఇప్పుడు వాడుకలో ఉన్న పెడల్ స్టీలు గిటారు.

వాద్యం వయస్సు, విద్య వయస్సు

పెడల్ స్టీలు గిటారు చూడడానికి గిటారులాగే ఉండదు. నాలుగు కాళ్ళ మీద నిలిచిన చిన్న బల్లలాగ ఉంటుంది. దాని మీద సాధారణంగా పది తీగలు. ఎడమచేతిలో ఉక్కు కడ్డీ, కుడిచేతి వ్రేళ్ళకు తొడుగులు. కాళ్ళ క్రింద పెడళ్ళు, మోకాళ్ళ దగ్గర మీటలు. పాత పెడల్ స్టీలు గిటారు ఒకటి చేతికి వస్తే అది ఏ సంవత్సరానిదో చెప్పడానికి అక్కడివారు ఒక పద్ధతి పాటిస్తారు. మొదట వరుస నంబరు చూస్తారు. తర్వాత దానిని బోర్లించి, అడుగున పెడళ్ళను తీగలకు కలిపే కడ్డీల అమరిక ఏ కాలపుదో పరిశీలిస్తారు. ఆ తర్వాత ధ్వనిని సర్దే చిన్న విద్యుత్ భాగం మీద అచ్చువేసిన అంకెలు చదువుతారు. ఆ అంకెలలో మొదటి మూడూ దానిని చేసిన కంపెనీ గుర్తు. 137 అంటే సి.టి.ఎస్., 304 అంటే స్టాక్‌పోల్. తర్వాతి అంకెలు సంవత్సరం, చివరి రెండూ ఆ సంవత్సరంలో ఎన్నో వారమన్నది. 1377212 అని ఉంటే సి.టి.ఎస్. వారు 1972లో పన్నెండవ వారంలో చేసినదని అర్థం.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఆ భాగం 1972లో తయారయితే, దానిని మొదటినుంచీ కలిగి ఉన్న గిటారు 1972 కంటె ముందుది కాజాలదు. కాని తర్వాతిది కావచ్చు, ఎందుకంటే ఆ భాగం కొంతకాలం కొట్టులో పడి ఉండవచ్చు. లేదా పాత గిటారుకే మరమ్మతులో కొత్త భాగం వేసి ఉండవచ్చు. అందుచేత ఒక్క కాగితం చూసి తేదీ నిర్ణయించరాదు, నాలుగు కాగితాలు కలిసిరావాలి. ఎస్టాబ్లిష్‌మెంటులో పనిచేసినవారికి ఈ సూత్రం వేరే చెప్పనక్కరలేదు.

వాద్యానికి వయస్సు ఇలా తెలుస్తుంది. కాని తీగ మీద ఉక్కు జార్చి పాడించే ఆ విద్య వయస్సెంత? దానికి నంబరు లేదు, అచ్చు లేదు. దాని కోసం ఒక మనిషి జీవితమే చదువుకోవాలి.

బాల్యం

జోసెఫ్ కేకుకు 1874 డిసెంబరు 29న ఓహూ ద్వీపంలోని లాయియే గ్రామంలో జన్మించారు. ఇంటిపేరు అపువకేహవు. కేకుకు అన్నది చాలా పొడవైన ఆయన హవాయి పేరులో మొదటి ముక్క మాత్రమే. పూర్తి పేరు వ్రాయాలంటే మన సర్వీసు రిజిస్టరులో కేటాయించిన గడి చాలదు. లాయియే ద్వీపానికి ఈశాన్య తీరాన ఉన్న పల్లె. 1865లో మార్మన్ క్రైస్తవ శాఖవారు అక్కడి భూములు కొని నివాసం ఏర్పరచుకున్నారు. కేకుకు కుటుంబమూ ఆ శాఖకు చెందినదే.

ఆనాటికి హవాయి స్వతంత్ర రాజ్యం. ఆయన పుట్టిన 1874లోనే కలాకౌవా రాజు సింహాసనమెక్కారు. పాదిరీల ప్రభావం వల్ల వెనుకబడిన దేశీయ నృత్యగానాలకు ఆ రాజు మళ్ళీ ఆదరణ కల్పించారు. ఆయన సోదరి లిలియువొకలాని స్వయంగా పాటలు కట్టిన విదుషీమణి. గిటారు ఆ దీవులకు పరాయి వాద్యమే. 1830 ప్రాంతాలలో పశువులను అదుపు చేయడానికి మెక్సికో నుంచి పిలిపించిన పసులకాపరులు దానిని తెచ్చారు. హవాయివారు గిటారు తీగలను తమ చెవికి నచ్చినట్లు వదులుచేసి, ఏ మెట్టూ నొక్కకుండా మీటినా శ్రావ్యంగా మ్రోగేటట్లు శృతి చేసుకున్నారు. తర్వాత వచ్చిన విద్యకు ఈ శృతి పద్ధతే పునాది. అన్ని తీగలూ ఒకదానితో ఒకటి కలిసి మ్రోగేటప్పుడే వాటి మీద ఒక కడ్డీ అడ్డంగా పెట్టి జార్చినా అపస్వరం రాదు.

1889లో కేకుకు, ఆయనకు వరుసకు సోదరుడయిన శామ్యూల్ నైనోవా కలిసి హొనొలులులోని కమేహమేహ బాలుర పాఠశాలలో చేరారు. రాజకుటుంబానికి చెందిన బెర్నీస్ పౌవాహి బిషప్ తన ఆస్తిని హవాయి పిల్లల చదువుకోసం వీలునామా వ్రాసి 1884లో కన్నుమూశారు. ఆ నిధితో 1887లో తెరచిన వసతి పాఠశాల అది. పుస్తకాల చదువుతోపాటు చేతిపనులు కూడ నేర్పేవారు. ఇనుప పనికి కర్మశాల ఉండేది. మన కథలో ఆ కర్మశాలకు ముఖ్యమైన పాత్ర ఉన్నది.

ఇనుప బోల్టు

అందరూ చెప్పే కథ ఇది. గిటారు పట్టుకొని నడిచిపోతున్న కేకుకుకు దారిలో ఇనుప బోల్టు ఒకటి దొరికింది. అది తీగకు తగిలి, జారి, ఎన్నడూ వినని నాదం వచ్చింది. పిల్లవాడు ఆగిపోయాడు. మళ్ళీ తగిలించాడు, మళ్ళీ జార్చాడు. ఆ నాదం అతడిని ఇక వదలలేదు.

కథ బాగున్నది గాని తేదీ దగ్గర పేచీ ఉన్నది. కొందరు ఇది 1885లో, ఆయన పదకొండేళ్ళ వయస్సులో, సొంత ఊళ్ళో జరిగిందంటారు. మరికొందరు 1889లో, పదిహేనేళ్ళ వయస్సులో, పాఠశాలలో చేరిన తర్వాత అంటారు. మనం పుట్టినతేదీతో లెక్క కడదాం. డిసెంబరు 29 పుట్టినరోజు గనుక 1885 సంవత్సరం దాదాపు పొడవునా ఆయనకు నిండినవి పదేళ్ళే. 1889లోనూ నిండినవి పద్నాలుగే. రెండు పక్షాలవారూ సంవత్సరంలో నుంచి సంవత్సరం తీసివేశారు తప్ప నెల చూడలేదు. మన కార్యాలయాలలోనూ ఈ పొరపాటు ఎన్నిసార్లు దిద్దలేదు!

బోల్టు రైలు పట్టాల ప్రక్కన దొరికిందని చెప్పేవారున్నారు. ఓహూ ద్వీపంలో ప్రజల రాకపోకలకు రైలుబండి నడవడం మొదలయినది 1889లో. ఆ ఆధారం 1889 వైపే మొగ్గుతుంది. అయితే బోల్టు ఆ రైలు మార్గానిదేనని ముద్ర వేసి లేదు గనుక, గిటారు లోపలి విద్యుత్ భాగం వలె దీనినీ ఒక్క ఆధారంగానే తీసుకోవాలి. తిరుగులేని విషయం ఒకటున్నది. ఆ విద్య పదిమంది కళ్ళ ఎదుట పెరిగినది 1889 తర్వాత, ఆ పాఠశాలలోనే.

బోల్టుతో ఆగిపోయి ఉంటే ఈ వ్యాసం వ్రాయవలసిన పని ఉండేది కాదు. కేకుకు దువ్వెన వీపుతో జార్చి చూశారు, కత్తి వీపుతో చూశారు. ఏదీ సరిగా కుదరలేదు. చివరకు పాఠశాల కర్మశాలలో నునుపైన ఉక్కు కడ్డీ ఒకటి చేసుకున్నారు. చేతిలో ఇమిడే బరువు, తీగ మీద గరగరలాడని నునుపు దానికి కుదిరాయి. తర్వాత నరపు తీగల స్థానంలో ఉక్కు తీగలు బిగించారు. కడ్డీ క్రిందనున్న మెట్లకు తగిలి టకటకమంటున్నదని, మెడ చివర తీగలు ఆనే దిమ్మను ఎత్తుచేసి తీగలను మెట్లకు అందకుండా లేపారు. గిటారును గుండెకు ఆనించుకోక, ఒడిలో వెల్లకిల పరచి వాయించారు. ఇక్కడితో అది పాత గిటారు కాకుండా పోయింది. మెట్లు కొలతకోసం కంటికి కనిపించే గీతలుగా మాత్రమే మిగిలాయి. స్వరం ఎక్కడ ఉన్నదో చెవి చెప్పాలి, చేయి వినాలి.

తోడున్న నైనోవా వయొలిన్ వాయించేవాడు. వయొలిన్‌కు మెట్లుండవు, స్వరం నుంచి స్వరానికి వ్రేలు జారవచ్చు. ప్రక్కన అది వింటూ పెరిగిన పిల్లవాడికి తన గిటారు కూడ అలా పాడాలన్న కోరిక కలగడం సహజమే. మన సంగీతంలో దీనినే జారు అంటాము.

వసతిగృహంలో తోటి పిల్లలు చూశారు, నేర్చుకున్నారు. సెలవులకు ఇళ్ళకు పోయి ఊరూరా వాయించారు. కొద్ది సంవత్సరాలలోనే ఆ దీవులన్నిటిలోనూ గిటారును ఒడిలో పెట్టుకొని ఉక్కుతో వాయించడం వ్యాపించింది.

దేశం మారింది

ఈలోగా దేశమే మారిపోయింది. 1891లో కలాకౌవా రాజు మరణించగా లిలియువొకలాని రాణి అయినారు. 1893లో అమెరికన్ వర్తకుల, తోటల యజమానుల వర్గం ఆమెను పదవీచ్యుతురాలిని చేసింది. 1898లో అమెరికా ఆ దీవులను తనలో కలుపుకున్నది. కేకుకు పాతికేళ్ళు నిండకముందే రాజ్యమూ, జెండా రెండూ పోయాయి. మిగిలింది పాట. ఆ పాటనే హవాయి కళాకారులు కొందరు వెంటబెట్టుకొని సముద్రం దాటారు.

కేకుకు 1904లో అమెరికా ప్రధాన భూభాగానికి బయలుదేరారు. అప్పటికి ముప్పై నిండలేదు. పశ్చిమ తీరంలో మొదలుపెట్టి, ఆట, పాట, గారడి, హాస్యం అన్నీ ఒకే టిక్కెట్టు మీద చూపే వాడవిల్ ప్రదర్శనశాలలలో ఒక ఊరి నుంచి మరొక ఊరికి తిరుగుతూ వాయించారు, నేర్పారు. నెలజీతం లేదు, ఇంక్రిమెంటు లేదు. ఈ వారం ఒక ఊరు, వచ్చే వారం మరొక ఊరు.

ఆ తర్వాత హవాయి సంగీతానికి అమెరికాలో గొప్ప గిరాకీ వచ్చింది. హవాయి నేపథ్యంగా రిచర్డ్ వాల్టన్ టలీ వ్రాసిన ది బర్డ్ ఆఫ్ పారడైజ్ అనే నాటకాన్ని 1912లో న్యూయార్కులో ప్రదర్శించారు. అందులో హవాయి వాద్యగాళ్ళే కూర్చొని వాయించేవారు. 1915లో సాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో హవాయి మండపం లక్షలాదిమందిని ఆకర్షించింది. ఆ తర్వాత ఒకటి రెండు సంవత్సరాలలో గ్రామఫోను రికార్డులలో బాగా అమ్ముడుపోయినవాటిలో హవాయి పాటలు ముందువరుసలో నిలిచాయి. ఫ్రాంక్ ఫెరేరా, సోల్ హోపియి వంటి తర్వాతివారికి రికార్డుల మీద పేరు వచ్చింది. వీరంతా నడిచిన బాట వేసినది కేకుకు.

1919లో ఆ నాటక బృందంతోనే కేకుకు ఐరోపా వెళ్ళారు. ఎనిమిది సంవత్సరాలపాటు అక్కడి నగరాలలో వాయించారు. మొదటి ప్రపంచయుద్ధం అప్పుడే ముగిసింది. ఇంటింటా ఒక చావు చూసిన జనం ఆ జారుస్వరం విని సేదదీరి ఉంటారనడంలో ఆశ్చర్యం లేదు. తిరిగి వచ్చేనాటికి ఆయనకు యాభై దాటింది. కొంతకాలం షికాగోలో ఉండి, తర్వాత న్యూజెర్సీ రాష్ట్రంలోని డోవర్ అనే చిన్న పట్టణంలో స్థిరపడి పిల్లలకు గిటారు పాఠాలు చెబుతూ కాలం గడిపారు. 1932 జనవరి 16న మెదడులో రక్తస్రావం వల్ల మరణించారు. మా తరం వారిలో చాలామందిమి 58 ఏళ్ళకు పదవీ విరమణ చేశాము. కేకుకుకు ఆ 58 కూడ నిండలేదు. 57 సంవత్సరాల 18 రోజులు. పుట్టిన దీవికి వేల మైళ్ళ దూరాన, డోవర్‌లోని ఆర్చర్డ్ వీధి శ్మశానంలో ఆయనను ఖననం చేశారు.

హక్కు ఎవరిది?

ఆయన తర్వాత తగవు మొదలయింది. ఉక్కుతో గిటారు వాయించినవారిలో మొదటివాడు కేకుకు కాదనీ, జేమ్స్ హోవా అనే ఆయన ముందే వాయించాడనీ కొందరన్నారు. మరికొందరు చెప్పిన పేరు మనకు మరీ ఆసక్తికరమైనది. గేబ్రియల్ డేవియన్ అనే వ్యక్తి భారతదేశంలో పుట్టాడనీ, ఒక ఓడ కెప్టెను అతడిని హవాయికి చేర్చాడనీ, 1884, 85 ప్రాంతాలలోనే అతడు గిటారు తీగ మీద జార్చి వాయించడం చూశామనీ వారు చెప్పారు.

భారతదేశం పేరు వినగానే మనకు గోటువాద్యం గుర్తుకు వస్తుంది. వీణ వంటిదే, కాని మెట్లు ఉండవు. గట్టి కర్రముక్కతో తీగల మీద జారుస్తూ వాయిస్తారు. ఉత్తరాదిన విచిత్రవీణ కూడ ఇటువంటిదే. అంటే జారువిద్య మనకు కొత్తది కాదు. మరి డేవియన్ అటువంటి వాద్యం చూసి వెళ్ళి ఉంటాడా? మన దేశం మీది అభిమానం కొద్దీ అవునని సంతకం పెట్టాలనే ఉంటుంది. కాని గుమాస్తా అభిమానం మీద సంతకం పెట్టరాదు. ఆ మాటలు చెప్పినవారు సంఘటన జరిగిన చాలాకాలానికి చెప్పారు. డేవియన్ ఎక్కడ నేర్చాడో, ఎవరికి నేర్పాడో తెలిపే కాగితం లేదు.

నేను పనిచేసిన ఒక కార్యాలయంలో రోజుకూలీ మస్టరు మీద చేరి, తర్వాత పర్మనెంటు అయిన ఒక వ్యక్తి పెన్షను ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. పర్మనెంటు కాకముందు చేసిన పని ఎక్కడా నమోదు చేయలేదు. పాత మస్టర్లు చెదలు తిన్నాయి. ఆయన చేతితో బిగించిన పంపులు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి. తుదకు ఆయనతో కలిసి పనిచేసినవారు నలుగురు వచ్చి, విడివిడిగా, ఒకే విధంగా వాంగ్మూలం ఇచ్చారు. పూర్తి న్యాయం జరగలేదు, కొంత జరిగింది. కాగితం లేనప్పుడు తోటివారి మాటకు ఎంత బరువుంటుందో ఆ రోజు తెలుసుకున్నాను.

కేకుకు విషయంలోనూ రుజువు అదే. తీగకు ఇనుము తగిలించినవాడు అంతకుముందు ఎవడో ఒకడు ఉండే ఉంటాడు, ఉండడని ఎవరమూ చెప్పలేము. కాని కడ్డీని తీర్చిదిద్ది, తీగలు మార్చి, దిమ్మ ఎత్తి, వాయించే పద్ధతి ఏర్పరచి, పదిమందికి నేర్పి, ఖండాలు దాటించినది కేకుకు అని ఆయనతో ఒకే పాఠశాలలో చదివినవారు, ఆయన వద్ద నేర్చినవారు ఒకే మాటగా చెప్పారు. దొరకడం వేరు, నిలబెట్టడం వేరు. ఆ రెండవదానికి పోటీ పెట్టినవారు ఎవరూ లేరు. నా వరకు ఫైలు మీద సిఫారసు కేకుకు పేరనే వ్రాస్తాను. డేవియన్ పేరునూ, హోవా పేరునూ కొట్టివేయను, నోటు ఫైలులో ఉంచుతాను.

ఆ తర్వాత

ఆయన కన్నుమూసిన 1932లోనే మరొక వింత జరిగింది. జార్జ్ బోషాంప్ రూపకల్పన చేసిన విద్యుత్ గిటారు అమ్మకానికి వచ్చింది. వ్యాపారంగా నిలదొక్కుకున్న మొట్టమొదటి ఎలక్ట్రిక్ గిటారు అదే. అది ఒడిలో పెట్టుకొని ఉక్కుతో వాయించే స్టీలు గిటారే. గుండ్రని చిన్న అల్యూమినియం ఒళ్ళు, పొడవైన మెడ ఉండడంతో జనం దానిని పెనం అని పిలిచేవారు. 1937లో బోషాంప్‌కు దాని మీద పేటెంటు వచ్చింది. కేకుకు పేర ఏ పేటెంటూ లేదు.

తర్వాతి మెట్టు పెడళ్ళు. నిటారైన కడ్డీతో జార్చినపుడు తీగలన్నీ ఒకే కొలతలో పైకో క్రిందికో పోతాయి. ఒక్క తీగను మాత్రమే మార్చాలంటే వీలుకాదు. అందుకని వేర్వేరు శృతులతో రెండు, మూడు మెడలున్న గిటార్లు చేసి చూశారు. 1940 ప్రాంతంలో గిబ్సన్ కంపెనీ ఎలక్ట్రాహార్ప్ అనే పెడళ్ళ వాద్యం తెచ్చింది. 1948లో కాలిఫోర్నియాలోని పాల్ బిగ్స్‌బీ అనే నేర్పరి స్పీడీ వెస్ట్ అనే వాద్యకారునికి పెడళ్ళతో స్టీలు గిటారు చేసి ఇచ్చాడు. 1954లో వెలువడిన వెబ్ పియర్స్ రికార్డులో బడ్ ఐజాక్స్ అనే ఆయన స్వరం మ్రోగుతుండగానే పెడల్ తొక్కి ఒక తీగను మాత్రం పైకి లాగారు. వీణలో తీగను ప్రక్కకు లాగి గమకం పలికించినట్లు అన్నమాట, కాని కాలితో. ఆ ధ్వని విన్న స్టీలు వాద్యకారులందరూ అదే కావాలన్నారు. బడ్డీ ఎమన్స్ వంటివారు దానికి మరింత మెరుగుపెట్టారు. ఇప్పటి పెడల్ స్టీలు గిటారు పుట్టుక అదీ. ఎన్ని పెడళ్ళు, ఎన్ని మీటలు చేరినా ఎడమచేతిలో మాత్రం ఆ ఉక్కు కడ్డీయే ఉన్నది.

ఇంకొక శాఖ మన దేశానికి వచ్చింది. సమోవాలో పుట్టి, చిన్నతనంలోనే కేకుకు స్వగ్రామమయిన లాయియే చేరి పెరిగిన టావు మో అనే వాద్యకారుడు భార్యతో కలిసి దేశదేశాలు తిరిగి, 1940 దశకంలో కొన్ని సంవత్సరాలు కలకత్తాలో నివసించారు. ఆ నగరంలో హవాయిన్ గిటారు నాటుకున్నది. తర్వాత హిందీ సినిమా సంగీతంలో వాన్ షిప్లే దానిని వినిపించారు. అలీ అక్బర్ ఖాన్ శిష్యులు బ్రిజ్‌భూషణ్ కాబ్రా దాని మీద రాగాలు ఆలపించారు. 1967లో శివకుమార్ శర్మ సంతూరు, హరిప్రసాద్ చౌరాసియా వేణువులతో కలిసి ఆయన వాయించిన కాల్ ఆఫ్ ది వ్యాలీ రికార్డు మనలో చాలామంది విన్నదే. 1994లో విశ్వమోహన్ భట్‌కు, రై కూడర్‌తో కలిసి చేసిన రికార్డుకు గ్రామీ బహుమతి వచ్చింది. ఆయన మోహనవీణ కూడ ఒడిలో పరచి ఉక్కుతో వాయించేదే.

1993లో స్టీలు గిటారు వాద్యకారుల గౌరవ మందిరంలో కేకుకు పేరు చేర్చారు. అప్పటికి ఆయన పోయి 61 సంవత్సరాలు. 2015లో లాయియేలో ఆయన కాంస్య విగ్రహం నెలకొల్పారు. గిటారు పట్టుకొని పల్లె విడిచిన పిల్లవాడు, మనిషిగా కాకపోయినా విగ్రహంగా సొంత ఊరు చేరాడు.

మిత్రులారా, ఆ బోల్టు దొరికిన రోజున తేదీ వేసి ఒక్క ముక్క వ్రాసిపెట్టినవారు లేకపోవడం వల్ల ఇన్నేళ్ళ తగవు వచ్చింది. మన ఇళ్ళలోనూ ఇటువంటి సంగతులు ఉంటాయి. ఊరి చెరువుకు తూము ఎవరు కట్టించారో, బడికి స్థలం ఎవరు ఇచ్చారో, హార్మోనియం ఇంటికి ఎలా వచ్చిందో మనకు తెలుసు, మనుమలకు తెలియదు. ఏటా నవంబరులో మనం బ్రతికి ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తూనే ఉన్నాము. దానితోపాటు మనకు తెలిసిన సంగతులు కూడ ఒక నోటుబుక్కులో తేదీలతో వ్రాసి ఉంచుదాం. ఎవరు చేశారో వారి పేరే వ్రాద్దాం. తేదీ తెలిస్తే వేద్దాం, తెలియకపోతే ఆ గడి ఖాళీగానే వదలుదాం.

సెలవు.